పెద్దమ్మ పక్క గది

బావమరిది బతకగోరతాడని సామెత. ఆ సామెత కట్టినవాడికి మా బావమరిది తగిలి ఉండడు. అందరూ వాణ్ణి రైటరు అంటారు. నగరంలో ఏ పేటలో ఏం తినాలో పుస్తకం వేసి పేరు తెచ్చుకున్నాడు. అందులో ఒక్క ముద్ద కూడా వాడు వెతుక్కుని తిన్నది కాదు.

ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ సరుకుల వ్యాను తోలుతున్నాను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, వీధుల పేర్లకంటే వాసనలే నాకు గుర్తు. రేవు దగ్గర మెట్ల కింద చేపలు కాల్చేవాళ్ళు, అద్దకంవాళ్ళ పేటలో మిద్దెమీద మాంసం వండే అన్నదమ్ములు, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ వీధిలో తలుపు కొడితేగాని రొట్టె పెట్టని ముసలాయన, అందరూ నాకు తెలుసు. మా డ్రైవర్లకో కట్టుబాటుంది. తిండి దొరికే చోటు నోటితో చెప్పకూడదు. మనిషిని వెంటబెట్టుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని తినిపించాలి. ఆ తర్వాత వాడేం చేసినా పూచీ తెచ్చినవాడిదే.

భార్య తమ్ముడు కదాని వాణ్ణి అన్నిచోట్లకీ తిప్పాను. చివరికి పాత ఇనుము కొట్ల వెనక పెద్దమ్మ దగ్గరికీ తీసుకెళ్ళాను. చుట్టరికం ఏమీ లేదు, డ్రైవర్లందరికీ ఆమె పెద్దమ్మే. నాలుగు బల్లలు. బోర్డు లేదు. అలమరలో మా ఒక్కొక్కరి కంచం విడిగా ఉంటుంది.

"పక్క గది ఖాళీ అవుతోందిరా, తీసుకో. నేను వండుతా, నువ్వు వడ్డించు. ఆ నడుముతో ఇంకెన్నాళ్ళు బండి తోలతావు?" అంది ఆ రోజు. ఇంటి ఓనరు కూడా సరేనన్నాడు, నెలాఖరుకి తాళం చేతికిస్తానన్నాడు. మా వాడు నా పక్కనే కూర్చుని, నా కంచంలో చేప తింటూ ఇదంతా విన్నాడు.

ఆ నెలలోనే వాడి పుస్తకం వచ్చింది. మా ఆవిడ మురిసిపోతూ చదివి వినిపించింది. పెద్దమ్మ వంటిల్లు, ఏ సందులో తిరగాలో, ఏ తలుపో, ఫొటోతో సహా వేశాడు. నా గురించి "ఒక డ్రైవరు" అని రెండే మాటలు.

వారంలో సందు నిండా జనం. మా డ్రైవర్లకు కూర్చోను చోటు లేదు. తాళం కోసం వెళ్తే ఓనరు నేలచూపులు చూశాడు.

"మీ బావమరిదికే ఇచ్చానయ్యా. మీరూ మీరూ ఒకటేగా అనుకున్నా."

వెళ్ళి చూస్తే వాడు ఆ గది గోడలకు సున్నం వేయిస్తున్నాడు. "రా బావా, సమయానికొచ్చావు!"

"ఇది నా గదిరా."

"కాగితమేమైనా ఉందా? ఉత్త మాటేగా. అయినా నిన్నెందుకు వదులుకుంటాను? వడ్డనకి రా, జీతమిస్తా."

పెద్దమ్మ గడపలో నిలబడి ఉంది. వాడి వంక చూడనైనా లేదు.

"వీణ్ణి తెచ్చిందెవర్రా?"

"నేనే పెద్దమ్మా."

లోపలికెళ్ళి నా కంచం తెచ్చి చేతిలో పెట్టింది. కడిగి, తుడిచి మరీ ఇచ్చింది.

"ఏం పోయిందని అంత గింజుకుంటావు? నా తమ్ముడేగా తీసుకున్నాడు" అంటుంది మా ఆవిడ. ఏం పోయిందో నాకు తెలుసు. బల్లలు ఎన్ని పడతాయోనని నేను ఆ గది కొలిచిన రోజు టేపు అవతలి కొస పట్టుకున్నది వాడే. వెడల్పు పది అడుగులు, పొడవు పద్నాలుగు అడుగుల నాలుగంగుళాలు.