నిమిషం నిలవని ఎత్తు

రేడియో అక్క పొద్దున్నే షెడ్డు తలుపులు తోసి ముందు స్వెట్టర్ వెతుక్కుంటుంది. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, అది చేతికి దొరకందే పని మొదలుపెట్టదు. సొంత కారు ఉన్నట్టే సొంత విమానం ఉన్న డాక్టర్లు, వ్యాపారులు ఊరి చివర మైదానంలో ఉన్న ఈ షెడ్డుకి తమ బుల్లి విమానాలు తెచ్చి వదులుతారు. వాటిలోని రేడియోలు, దిక్సూచిలు, ఎత్తు చూపించే మీటర్లు చూసుకోవడం ఆమె పని. ఇరవై ఏడేళ్లుగా అదే పని.

విమానం ఒంటికి పక్కన బొత్తాం అంత రేకు, దాని మధ్యలో గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటాయి. బయటి గాలి ఆ రంధ్రంలోంచి సన్నటి గొట్టం గుండా మీటరు దాకా వెళ్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, ఆ పలచదనం చూసి మీటరు ఎత్తు చెప్తుంది. పరీక్షంటే ఆ రంధ్రానికి ఒక పెట్టె తగిలించి, చేతి పంపుతో గాలి లాగడం. నేల మీదున్న మీటరు తాను పైకి పోతున్నాననుకుంటుంది. ఈ షెడ్డులో మీటరుతో పాటు విమానమూ, అందులో కూర్చున్నవాళ్ళూ కూడా పైకి పోతారు. కింద నిలబడి చూస్తే విమానం మూడు చక్రాల మీద కదలకుండా ఉంటుంది. లోపలివాళ్ళకి మాత్రం ఐదు వేలంటే ఐదు వేల అడుగులే, చలితో సహా. స్వెట్టర్ అందుకే.

"అక్కా, ఎలాగూ పైకెళ్తున్నావు, మా ఇంటి వైపు మబ్బుందేమో చూద్దూ. బట్టలారేసొచ్చాను" అంటుంది ఊడ్చే ఆవిడ. రేడియో అక్క పైకెళ్ళి, చూసి, దిగి, "పరిగెత్తు, వచ్చేస్తోంది" అంటుంది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఉన్న పనికే తీరిక లేదు.

పైకెళ్ళాక పెట్టెకున్న కుళాయి కట్టేసి, గడియారం చూస్తూ ఒక్క నిమిషం ఊరికే కూర్చోవాలి. గొట్టంలో ఎక్కడా చిల్లు లేకపోతే ఎత్తు నిలుస్తుంది. నిమిషంలో వంద అడుగుల లోపు జారితే ఫరవాలేదు. అంతకంటే ఎక్కువ జారితే ఆ విమానం కదలడానికి వీల్లేదు. నిలిచిందని తేలాకే లాగ్ పుస్తకంలో రాసి, తన లైసెన్సు నంబరున్న గుండ్రటి ముద్ర వేస్తుంది. ఆ ముద్ర పడ్డ విమానాన్ని ఇంకెవరూ అనుమానించరు.

ఈసారి మాత్రం మూడు రోజులు జ్వరంతో పడుకుని, నాలుగో రోజు మధ్యాహ్నానికి షెడ్డుకొచ్చింది. పళ్ళ డాక్టరుగారి నాలుగు సీట్ల విమానం మధ్యలో నిలబడి ఉంది. గుండ్రటి పాత మీటర్లన్నీ పోయి, వాటి చోట రెండు పెద్ద స్క్రీన్లు, కొత్త రేడియో వచ్చాయి. బాగానే ఉన్నాయి. ఈ రోజుల్లో ఎవరైనా అవే పెట్టుకుంటారు, ఆమెకేం అభ్యంతరం లేదు. ఇక పరీక్ష చేద్దామని లాగ్ పుస్తకం తెరిచింది.

పరీక్ష అయిపోయినట్టు రాసుంది. కింద ఆమె ముద్ర ఉంది. మొన్నటి తేదీ వేసుంది.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. పుస్తకం పట్టుకుని నేరుగా మరిది గదిలోకి వెళ్ళింది. షెడ్డు పెట్టింది ఆమె భర్త. ఆయన పోయాక ఆఫీసు గది మరిది చేతికొచ్చింది, పంపు ఆమె చేతిలో ఉండిపోయింది. ముద్ర మాత్రం ఆఫీసు సొరుగులో ఉండేది. సొంత మనిషే కదా అని ఏనాడూ తాళం వేయలేదు. అదీ ఆమె చేసిన తప్పు.

"మొన్న నేనెక్కడున్నాను?" అంది.

మరిది తలెత్తలేదు. "జ్వరం తగ్గిందా వదినా? కూర్చో."

"మొన్న నేను నాలుగు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాను. ఇక్కడేమో ఆరు వేల అడుగులెక్కి దిగానని రాసుంది. నిద్రలో వచ్చి ఎక్కానా?"

"అబ్బ, అదొట్టి లాంఛనం వదినా. స్క్రీన్లు కొత్తవి. బయటి ఫిట్టర్‌ని పిలిపించి దగ్గరుండి పెట్టించాను. రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయి, నేనే చూశాను."

"రెండూ ఒకే గొట్టంలోంచి గాలి పీలుస్తుంటే ఒకే అంకె కాక ఏం చూపిస్తాయి? ఒకే వకీలు నేర్పిన ఇద్దరు సాక్షులు ఒకేలా చెప్తే అది నిజమైపోతుందా?"

"అరవకు. డాక్టరుగారొచ్చారు."

అరవకుండా ఎలా ఉంటుంది? తన పేరు మీద ఎవరో అబద్ధమాడితే, ఆ అబద్ధాన్ని నమ్మి రేపు పిల్లా పాపలతో మనుషులు గాల్లోకి లేస్తుంటే, మెల్లగా మాట్లాడాలట! నోరు చేసుకుంటోందని చివరికి చెడ్డపేరు కూడా ఆమెకే. ఆమె ఇంకాస్త గొంతు పెంచింది.

డాక్టరుగారూ, ఆయన భార్యా వచ్చారు. మర్నాడు పొద్దున్నే కూతుర్ని కూడా తీసుకుని తూర్పు కొండ అవతలికి వెళ్ళాలని వాళ్ళ ఏర్పాటు. రేడియో అక్క చెప్పిందంతా డాక్టరుగారు చిరునవ్వుతో విన్నాడు. వినడమంటే చెవులకి తగలడమే.

"మూడు వారాలు ఆగానమ్మా. పాత మీటర్లంటే మీకు ప్రేమ, నాకు తెలుసు. కానీ కాలం మారింది. సంతకం ఉంది, ముద్ర ఉంది, ఇంకేం కావాలి?"

"నోరు తెరిపించకుండానే పన్ను పీకామని మీరు చీటీ రాసిస్తారా డాక్టరుగారూ?"

ఆయన ముఖం మాడింది. అప్పుడు ఆయన భార్య అడిగింది: "గొట్టంలో లీకుంటే ఏమవుతుందండీ?"

"ఎగిరేటప్పుడు బయటి గాలి బదులు లోపలి గాలి పీలుస్తుందమ్మా. మీరున్న ఎత్తు కంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు వందల అడుగులు తేడా వచ్చిందనుకోండి, ఎండలో ఫరవాలేదు, కళ్ళున్నాయి. మబ్బులో కొండకి ఆ రెండు వందలు చాలు."

ఆవిడ చేతిసంచీ కిందపెట్టి వెనక సీట్లోకి ఎక్కి కూర్చుంది. "రేపు మా అమ్మాయీ నేనూ కూర్చునేది ఇక్కడేగా. చూపించండి."

భార్య ఎక్కాక డాక్టరుగారు ఎక్కక తప్పలేదు. ఎడమ సీట్లో కూర్చుని స్క్రీన్లు వెలిగించాడు. "నువ్వూ ఎక్కు" అంది రేడియో అక్క మరిదితో. అతను నసుగుతూ కుడి సీట్లో కూర్చున్నాడు. ఆమె రంధ్రానికి గొట్టం తగిలించి, రెండో కొస కిటికీలోంచి లోపలికి లాక్కుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. లాగ్ పుస్తకం మరిది ఒళ్ళోకి విసిరింది. పంపు కొట్టడం మొదలుపెట్టింది.

షెడ్డు రేకులు కిందికి జారాయి. మైదానం, గేటు, డాక్టరుగారి కారు చిన్నవయ్యాయి. ఇంజన్ చప్పుడు లేదు కాబట్టి కింద కుక్క మొరగడం కూడా చాలాసేపు వినబడింది. ఎందుకో మామూలు కంటే ఎక్కువ కొట్టాల్సి వచ్చింది పంపు. ఐదు వేల దగ్గర చలికి డాక్టరుగారు చేతులు రుద్దుకున్నాడు. తూర్పు కొండ, దాని నెత్తి మీద తెల్లటి టవరు వాళ్ళ కళ్ళకి బాగా దిగువన ఉన్నాయి. కొండ అవతల మబ్బు మూట కట్టినట్టు ఉంది.

"కుళాయి కట్టేస్తున్నాను. ఒక్క నిమిషం. మరిదీ, నువ్వు రాసింది చదువు."

"ఇప్పుడెందుకు వదినా..."

"చదువు. గట్టిగా."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఎత్తు గొట్టం పరీక్షించడమైనది. ఆరు వేల అడుగుల వద్ద..."

ఐదు వేలు నాలుగు వేల తొమ్మిదొందలైంది. ఎనిమిదొందలైంది. కిందికి దిగుతున్నట్టు అందరికీ తెలుస్తోంది.

"ఆపావేం?"

"...ఒక నిమిషం నిలిపి చూడగా..."

నాలుగు వేలు. స్క్రీన్లు రెండూ ముచ్చటగా, ఒకే అంకె చూపిస్తూ జారుతున్నాయి. డాక్టరుగారు అలవాటు కొద్దీ స్టీరింగు వెనక్కి లాగాడు. చక్రాల మీద నిలబడి ఉన్న విమానానికి స్టీరింగేం చేస్తుంది? టవరు కంటికి ఎదురుగా వచ్చింది. తర్వాత కంటికి పైనుంది.

"ఏం ఉందక్కడ? చదువు!"

"...తగ్గుదల ఏమియు లేదు" అని చదివాడు మరిది, ఏడుపు గొంతుతో.

డాక్టరుగారు వెనక్కి తిరిగి భార్య ముఖం చూశాడు. ఆవిడ స్క్రీన్ల వైపు వేలు చూపించింది.

సరిగ్గా అప్పుడే మైదానం మీంచి పసుపు రంగు విమానం ఒకటి లేచి, వాళ్ళ పక్కగా తిరిగి, తూర్పు వైపు ఎక్కడం మొదలుపెట్టింది. అది కలప వ్యాపారిది. మరిది దాన్ని చూశాడు.

"వదినా," అన్నాడు. "అదీ... అదీ అంతే."

"అదీ అంతే అంటే?"

"అదే ఫిట్టరు. అదే రోజు. పుస్తకంలో అదే రాశాను. నిన్న సాయంత్రం తీసుకెళ్ళాడు. ఇవాళ మనవరాల్ని తీసుకుని కొండ అవతలికి వెళ్తానన్నాడు."

తిట్టే టైము లేదు. డాక్టరుగారు ఫోను తీసి మోగించాడు, అటువైపు ఎవరూ ఎత్తలేదు. ఇంజన్ హోరులో ఎవరికి వినిపిస్తుంది? మైదానం చుట్టూ ఎత్తైన రాతి గట్లు. నేల మీద నుంచి రేడియోలో పిలిస్తే ఆ పిలుపు గట్టు దాటదు, అది అక్కడ అందరికీ తెలిసిన సంగతే. చూస్తుండగానే పసుపు రెక్కలు గట్టు దాటి చిన్నవైపోయాయి. షెడ్డు రేకులు మీదికొస్తున్నాయి.

రేడియో అక్క కుళాయి తెరిచి పంపు అందుకుంది. ఆమె లాగుతుంటే లీకు మింగుతోంది. వంద ఎక్కితే ముప్పై జారుతోంది. "రేడియో పెట్టండి డాక్టరుగారూ. కొత్తదేగా, పనిచేస్తుంది. మైకు మా మరిదికివ్వండి."

మూడు వేలు దాటాక గొంతు అందింది. "ఎవరది?" అన్నాడు కలప వ్యాపారి. పక్కనుంచి చిన్నపిల్ల పాడుతున్నట్టుంది.

మరిది పెదాలు తడుపుకున్నాడు. "మేమే సార్, షెడ్డు నుంచి. కొండ అవతల వాతావరణం బాగోలేదు. తిరిగొచ్చేయండి."

ఒళ్ళు మండిపోయింది రేడియో అక్కకి. ఇప్పటికీ అబద్ధమే! అవతలి మనిషి చావు అంచున ఉన్నా మాట దాటేస్తున్నాడు!

"మబ్బే కదా, నాకు కొత్తా?" అన్నాడు వ్యాపారి. "నాలుగు వేల వంద ఎక్కి దాటేస్తాను. రెండు స్క్రీన్లు పెట్టించుకున్నది దేనికయ్యా?"

"నిజం చెప్పరా!" అని అరిచింది ఆమె. పాతికేళ్ళలో మరిదిని 'రా' అనడం అదే మొదటిసారి. చేయి మాత్రం ఆపలేదు. భుజం ఊడిపోతోంది. జ్వరం తగ్గి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. డాక్టరుగారి భార్య పక్కకి జరిగి పంపు పిడి మీద తన చేయి కూడా వేసింది. ఇద్దరూ కలిసి లాగారు.

మరిది కళ్ళు మూసుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఎగిరేవాళ్ళందరికీ వినిపించే రేడియో అది.

"సార్, మీ విమానానికి ఎత్తు పరీక్ష ఎవరూ చేయలేదు. పుస్తకంలో రాసింది అబద్ధం. మీ స్క్రీన్లని నమ్మకండి, మీరు అనుకున్నంత ఎత్తులో లేరు."

"మీ వదిన ముద్ర ఉందిగా?" అన్నాడు వ్యాపారి. గొంతు మారిపోయింది. "ఆవిడ ముద్ర చూసే కదయ్యా పిల్లని ఎక్కించుకున్నాను!"

"ముద్ర ఆవిడది. వేసింది నేను. ఆవిడ ఆ రోజు జ్వరంతో ఇంట్లో ఉంది."

రేడియోలో గరగర. చిన్నపిల్ల పాట ఆగింది.

"తిరుగుతున్నాను."

మబ్బు అంచు నుంచి పసుపు చుక్క బయటపడి వాళ్ళ వైపు తిరిగింది. డాక్టరుగారు మైకు తీసుకుని, మైదానం కనబడేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎండ వైపు ఉండండి, గట్టు మీదికి రాకండి, తొందరేం లేదు అని. ఆయన గొంతులో ఇందాకటి చిరునవ్వు లేదు.

"ఇప్పుడెంత చూపిస్తోంది?" అని అడగమంది రేడియో అక్క.

"మూడు వేలు. రెండింట్లోనూ" అన్నాడు వ్యాపారి.

ఆమె ఒళ్ళో ఉన్న పెట్టెకి సొంత ముల్లు ఉంది, అది అబద్ధమాడదు. దాన్ని సరిగ్గా మూడు వేల దగ్గర నిలపడానికి ఇద్దరు ఆడవాళ్ళూ వగరుస్తూ పంపు కొడుతూనే ఉన్నారు. పసుపు విమానం దగ్గరకొచ్చింది. అంకె అదే. పక్కన కనబడాల్సిన విమానం పక్కన లేదు. ఇరవై అంతస్తుల మేడంత కిందుగా, వాళ్ళ కాళ్ళ కింద నుంచి వెళ్ళింది. రెక్కల పైభాగమంతా కనబడింది.

మరిది కిటికీకి నుదురు ఆనించి కిందికి చూశాడు. చూసి, ఒళ్ళో ఉన్న పుస్తకం తెరిచి, ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టాడు. దాని కింద తన పేరు పూర్తిగా రాశాడు.

"పసుపు విమానం పుస్తకంలో కూడా రాయి" అంది రేడియో అక్క. "ఆ ముద్ర ఇవాళే నా ఇంటికొచ్చేస్తుంది. రేపట్నుంచి నువ్వు షెడ్డులోకి రావాలంటే నన్నడిగి రా."

"సరే వదినా" అన్నాడు.

కింద పసుపు విమానంలో చిన్నపిల్ల తలెత్తి, ఇంజన్ లేకుండా ఆకాశంలో నిలబడ్డ వాళ్ళని చూసి చెయ్యి ఊపింది. డాక్టరుగారు ఊపాడు. ఆయన భార్య ఒక చేత్తో పిడి వదలకుండా రెండో చేత్తో ఊపింది. రేడియో అక్క ఊపలేదు. ఆ పిల్ల ఉన్న విమానం చక్రాలు నేల తాకేదాకా పంపు కొడుతూనే ఉంది.