ఇసుకసీమలో ఉన్నికోటు

ఆ వీధిలో ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. బడిపంతులనుకునేరు, కాదు, దర్జీ. తండ్రి వదిలివెళ్ళిన కుట్టుషాపులో ఆయన కత్తిరిస్తే చెల్లెలు కుట్టేది. పెళ్ళి మాట ఎవరెత్తినా ఆయన టేపు మెళ్ళో సర్దుకుని "నాకు కొలతలు కుదర్లేదండీ" అనేవాడు. చెల్లెలికి కుదిరింది గానీ నిలవలేదు. భర్త పోయిన ఏడాదికి తిరిగొచ్చి తన పాత మిషను ముందే కూర్చుంది. అప్పట్నుంచి ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ ఎదురెదురుగా, మధ్యలో కట్టింగు బల్ల.

వారంలో ఆరు రోజులు ఆ బల్ల మీద ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లూ కోట్లూ తెగేవి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మాస్టారు తాన్లు పక్కకి జరిపి, సుద్దపొడి తుడిచి, దాని మీద ఒక లోకాన్ని పరిచేవాడు. అదొక ఆట. అందులో ఒకరు లోకాన్ని చెబుతారు, మిగతావాళ్ళు ఆ లోకంలో తిరిగే మనుషులవుతారు. ఏం చేయబోతున్నారో చెప్పి పాచిక వేస్తారు. పడ్డ అంకెను బట్టి ఆ పని అయ్యేదీ బెడిసికొట్టేదీ తేలుతుంది. లోకం చెప్పేది మాస్టారు. తిరిగేది ఇద్దరు, ఒక బస్సు డ్రైవరు, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు. ఇరవై రెండేళ్ళ కిందట ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చిన డ్రైవరు, బల్ల మీద పాచికలు చూసి "ఇదేంటి మాస్టారూ?" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. నర్సు ఆ తర్వాత రెండేళ్ళకి చేరింది.

అలాంటి ఆటల్లో మామూలుగా కోటలుంటాయి, రాక్షసులుంటారు. మాస్టారి లోకంలోనూ ఉండేవారు గానీ, ముందు బట్టలుండేవి. ఉప్పుసీమ వాళ్ళ అంగీకి కింది అంచు విడిగా అతికి ఉంటుంది. ఉప్పు ముందుగా తినేది అంచునే కాబట్టి ఏడాదికోసారి అదొక్కటీ విప్పి కొత్తది వేసుకుంటారు. మంచుసీమ ఉన్నికోటుకి మామూలు గుండీలుండవు. వేళ్ళు కొంకర్లు పోయినా దొరికేలా పొడుగాటి కర్రగుండీలు, వాటికి తాడు ఉచ్చులు. ఏటిసీమ పడవవాళ్ళు చొక్కా చేతులు మోచేతి దగ్గర బొందులతో బిగించుకుంటారు. ఇసుకసీమలో పల్చటి బట్ట రెండు పొరలుగా, మధ్యలో గాలి ఆడేలా వేసుకుంటారు. తలగుడ్డకి ఒక కొస వదులుగా వేలాడుతుంది, దుమ్ము లేస్తే మూతికి కప్పుకోవడానికి.

"మనిషి నోరిప్పకముందే వాడెక్కడివాడో బట్ట చెప్పెయ్యాలి" అనేవాడు మాస్టారు.

"అందుకే మీ రాక్షసుడు కూడా కొలతలిచ్చాకే కత్తి దూస్తాడు" అని డ్రైవరు నవ్వేవాడు.

చెల్లెలు మాత్రం ఆడేది కాదు. "నాకా పాచికల గోల వద్దు" అనేది. కానీ అన్నయ్య చెప్పిన బట్టలన్నీ మిగిలిన ముక్కలతో జానెడు చెక్కబొమ్మలకి కుట్టింది ఆమే. అద్దాల బీరువాలో అరవైదాకా బొమ్మలుండేవి. ఏ సీమ బట్టకి ఏ మడత, ఏ కుట్టు, ఎందుకు అన్నది మాస్టారు ఒక పొడుగాటి అట్టపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టుకున్నాడు.

మొదటిసారి తేడా కనిపించింది ఒక ఎండాకాలపు ఆదివారం. ఇసుకసీమ కోట వాకిట్లో కాపలావాడు నిలబడ్డాడని చెబుతూ, "వాడి ఉన్నికోటుకి కర్రగుండీలు మూడు ఊడిపోయున్నాయి" అన్నాడు మాస్టారు.

డ్రైవరు పకపకా నవ్వాడు. "ఇసుకలో ఉన్నికోటేంటి మాస్టారూ? వాడు ఉడికి చస్తాడు!"

మాస్టారు నవ్వలేదు. అట్టపుస్తకం వైపు చూశాడు, బీరువా వైపు చూశాడు. తెలియని వీధిలో బస్సు దిగినవాడిలా ఉంది ఆ చూపు. నర్సు అది కనిపెట్టింది. "అక్కడ తెల్లవారుజామున చలేస్తుందేమోలే" అంది.

"అవును" అన్నాడాయన వెంటనే. "తెల్లవారుజామున చలి."

మిషను ముందున్న చెల్లెలి వేలికి సూది దిగింది. ఎందుకంటే ఆ ముందు వారమే ఆయన ఒక పెద్దమనిషి కోటుకి రెండు చేతులూ కుడివైపువే కత్తిరించాడు. ఆమె ఎవరికీ చెప్పకుండా మిగిలిన గుడ్డలోంచి అతుకు కనపడకుండా ఎడమచెయ్యి తీసి కుట్టింది. పరధ్యానం అనుకుంది. ఇప్పుడిక అనుకోలేకపోయింది.

నర్సు అన్నాచెల్లెళ్ళని తను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళింది. డాక్టరు ఆయన్ని బొమ్మలు గీయమన్నాడు, నెలలు వెనక నుంచి చెప్పమన్నాడు. చివరికి చెల్లెల్ని పక్కకి పిలిచి, "మతిమరుపు జబ్బమ్మా. మందులతో కాస్త నెమ్మదిస్తుంది, ఆగదు" అన్నాడు. ఇంటికొచ్చే దారంతా మాస్టారు డాక్టరు కోటు గురించే మాట్లాడాడు. భుజం జారిపోయిందట, రెడీమేడు అయ్యుంటుందట.

ఆ వారం ముగ్గురూ మాస్టారికి తెలియకుండా ఒక మాట అనుకున్నారు. ఆట సంగతి మొదట ఎత్తింది చెల్లెలే. "ఆయన ఏది చెప్తే అదే నిజం. ఇసుకలో ఉన్ని అంటే ఉన్నే. ఎవరూ నవ్వద్దు. ఆ ఒక్కచోటైనా ఆయన తప్పు కాకూడదు."

డ్రైవరు తలొంచుకుని "నేనే కదక్కా నవ్వింది" అన్నాడు.

అప్పట్నుంచి మాస్టారు తడబడ్డ ప్రతిసారీ లోకమే మారింది. ఇసుకసీమకి ఉన్నికోటు వచ్చింది. పడవవాళ్ళకి ఉప్పుసీమ అంచు వచ్చింది. మంచుకొండల్లో జనం పల్చటి గుడ్డలతో తిరిగారు. చెల్లెలు వారం మధ్యలో కూర్చుని కొత్త సంగతులకి కారణాలు వెతికి, ఆయన అక్షరాల్లాగే గుండ్రంగా రాసి, పాత పేజీల మీద అతికించేది. బొమ్మల బట్టలు విప్పి కొత్తవి తొడిగేది. ఆదివారం ఆయన బీరువా తెరిస్తే అన్నీ తను చెప్పినట్టే ఉండేవి. ఆ నాలుగైదు నెలలూ మాస్టారు హుషారుగా ఉన్నాడు. షాపులో కత్తెర ఆయన చేతికి అందకుండా దాచినా పెద్దగా పట్టించుకోలేదు. ఆమె కూడా గండం గడిచిందనుకుంది.

ఒక పొద్దున ఆమె పాలు తెచ్చేసరికి మాస్టారు కట్టింగు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు అట్టపుస్తకం. అతికించిన పేజీని గోటితో మెల్లిగా, కుట్టు విప్పినంత జాగ్రత్తగా ఊడదీస్తున్నాడు. కింద ఆయన పాత అక్షరాలు.

"ఇది నేను రాయలేదు" అన్నాడు.

ఆమె పాలగిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"'కా' కి నువ్వు తోక పొడుగ్గా లాగుతావు. చిన్నప్పట్నుంచీ అంతే. ఇసుకలో ఉన్నికోటని నేనే అన్నానా?"

"అన్నావన్నయ్యా."

"అంటే మీరంతా ఊఁ కొట్టారు!"

"నువ్వు బాధపడతావని..."

"రెండు చేతులూ ఒకవైపువి కత్తిరించాను. నాకు తెలీదనుకున్నావా? చెత్తబుట్టలో రెండో కుడిచెయ్యి చూశాను. నువ్వు చక్కబెట్టావు, సరే, ఊరుకున్నాను. అది వేరేవాళ్ళ బట్ట, పాడవకూడదు. కానీ ఇది నాది కదే! నేను తప్పు చెప్పడం, మీరు నా వెనకాల లోకాన్నంతా పీకి దానికి సరిపెట్టడం... పిచ్చివాణ్ణి బుజ్జగించినట్టుంది." ఆయన బీరువాలో బొమ్మల వైపు చెయ్యి చూపించాడు. "పల్చటి గుడ్డలతో మంచులో నిలబెట్టావు వాళ్ళని. చచ్చిపోరూ?"

ఆమె పాలగిన్నె కింద పెట్టి ఆయన పక్కన కూలబడింది. అన్నయ్య ఏడవడం తమ తల్లి పోయినప్పుడు చూసింది, మళ్ళీ ఇప్పుడే.

కాసేపటికి ఆయన చొక్కాచేత్తో మొహం తుడుచుకున్నాడు. "తప్పయితే తప్పని చెప్పు అమ్మడూ. అంతకన్నా ఏమీ అడగను. అది తప్పని చెప్పేవాళ్ళున్నారంటే, నేనింకా ఉన్నట్టే లెక్క."

ఆమె మాట ఇచ్చింది. ఇద్దరూ కలిసి ఆ వారమంతా అతికించిన పేజీలన్నీ ఊడదీశారు. బొమ్మలకి పాత బట్టలు తిరిగి తొడిగారు.

తర్వాతి ఆదివారం మాస్టారు డ్రైవర్నీ నర్సునీ ఎదురుగా కూర్చోబెట్టి, "ఇక దొంగనాటకాలు వద్దు. తప్పు చెప్తే ఆపండి" అన్నాడు. ఆట మొదలైంది. ఏటిసీమ రేవులోకి పడవ వచ్చింది. పడవవాడు దిగాడు. వాడి తలగుడ్డ కొస మూతికి కప్పి ఉంది.

"కాదు మాస్టారూ" అన్నాడు డ్రైవరు. "అది ఇసుకసీమది."

"ఆఁ, అవును. చేతులకి బొందులు." ఆయన గబగబా రాసుకున్నాడు. ఇంకో రెండు మాటలకి మళ్ళీ ఆపాల్సి వచ్చింది. ఈసారి నర్సు ఆపింది. మూడోసారి మళ్ళీ డ్రైవరు. నాలుగోసారి చెల్లెలే మిషను ఆపి "కాదన్నయ్యా, ఉప్పుసీమ అంగీకి కర్రగుండీలుండవు" అంది. ప్రతిసారీ ఆయన "అవునవును" అంటూ నవ్వడానికి చూశాడు. ఆరోసారి నవ్వలేదు. పాచికలు మూడూ డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"ఇవాళ్టికి చాలు."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట వాళ్ళే అనేవారు, ఆయనెప్పుడూ అనలేదు. డ్రైవరు బయటికెళ్ళి చెప్పులేసుకుంటూ, "చెప్పకపోయినా తప్పే, చెప్పినా తప్పే. ఏం చెయ్యమంటావక్కా?" అన్నాడు.

రెండు నెలలు ఆట సాగలేదు. ఆదివారాలు డ్రైవరూ నర్సూ వచ్చేవారు, టీ తాగి, వానల గురించీ బస్సుల గురించీ మాట్లాడి వెళ్ళేవారు. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళ బట్టలు చూసేవాడు. ఒకరోజు ఆయనే హఠాత్తుగా బీరువా చూపించి చెల్లెల్ని అడిగాడు, "ఈ బొమ్మలెక్కడివే? వీళ్ళ కథేంటో చెప్పు."

అలా, పాచికల గోల వద్దన్న మనిషే అట్టపుస్తకం ముందేసుకుని లోకం చెప్పడానికి కూర్చుంది. ఆమెకి రాక్షసులు చేతకాదు. యుద్ధం వస్తే కంగారుపడి అందర్నీ సత్రంలోకి పంపించేసేది. డ్రైవరూ నర్సూ ఎప్పటిలాగే వాళ్ళ పాత్రలు పట్టుకున్నారు. మాస్టారు కొత్తగా చేరిన బాటసారి అయ్యాడు. ఏ సీమకెళ్ళినా ఆయన కత్తి తీసేవాడు కాదు, నిధి వెతికేవాడు కాదు. ఎదురైన ప్రతి మనిషి దగ్గరా ఆగి చెల్లెల్ని "ఏం వేసుకున్నాడు?" అని అడిగేవాడు. ఆమె పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేది.

ఉప్పుసీమ అంగీ సంగతి చదివినప్పుడు ఆయన ముందుకి వంగాడు. "అంచు విడిగానా? ఏడాదికోసారి అదొక్కటే మారుస్తారా? భలే! ఎవరిదే ఈ ఆలోచన?"

"నీదే అన్నయ్యా" అంది, ఇచ్చిన మాట ప్రకారం.

ఆయన నవ్వాడు. "నాదేంటి, నీ మొహం! నేను ప్యాంట్లు కత్తిరించుకునేవాణ్ణి." నవ్వుతూనే ఆమె చూపిస్తున్న అక్షరాల వైపు చూశాడు, తన చేతివైపు చూసుకున్నాడు. చూసేకొద్దీ మొహంలోంచి నవ్వు దిగిపోయింది. "నాదయితే నాకెందుకు తెలీదు?" అని అడిగాడు. రెండుసార్లు, మూడుసార్లు అదే అడిగాడు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

నర్సు వెళ్ళేముందు చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక చెప్పకక్కా" అంది.

"మాటిచ్చానమ్మా."

"తెలుసు."

వారం తర్వాత మంచుసీమకి చేరారు. ఆమె కర్రగుండీల గురించి, తాడు ఉచ్చుల గురించి, కొంకర్లు పోయిన వేళ్ళ గురించి చదివింది. మాస్టారు కళ్ళు మెరిశాయి. తన ముడతల వేళ్ళు ముడిచి, గాల్లో కనపడని గుండీ ఒకటి పెట్టి చూసుకున్నాడు.

"వాడెవడో గానీ చాలా తెలివైనవాడమ్మా. చలికి వణికే మనిషి గురించి ఆలోచించి కుట్టాడు. ఎవరు వాడు?"

డ్రైవరు లేచి వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నర్సు పాచికలు గుప్పిట్లో పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆమె అన్నయ్య మొహంలోకి చూసింది. అందులో ఎదురుచూపు తప్ప ఇంకేమీ లేదు.

"ఎవరో అన్నయ్యా" అంది. "నాకూ తెలీదు."

అబద్ధమని పట్టుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడింది. ఆయన పట్టుకోలేదు.

"వీలైతే ఒకసారి నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు. "రెండు మాటలు మాట్లాడాలి."

"అలాగే" అంది. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయి కనపడక, వేలు అదే వరుస మీద ఆపింది. "తర్వాత? చలి ఎక్కువవుతోందా?" అని ఆయనే తొందరపెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కొండదారిలో బాటసారికి ఎవరో కోటు తెచ్చి తొడిగారని చెప్పింది.