చెప్పుల పక్కన చోటు

కాగితాలు కోసే మిషను దగ్గర పెడల్ తొక్కేది ఆమే కాబట్టి ప్రెస్సులో అందరూ ఆమెని పెడలక్క అంటారు. ఆమె తోడికోడలు చిట్టి. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, ఒళ్ళు పిడికెడు, నోరు గంపెడు కావడంతో చిట్టి అన్న పేరే అతుక్కుపోయింది. ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. ఒకే ఇంట్లో మధ్యగోడకి అటొక కాపురం, ఇటొక కాపురం. ఒకే ప్రెస్సులో, ఒకే మిషను దగ్గర పని. అది చాలదన్నట్టు ఇద్దరిదీ ఒకే యోగా హాలు. పోటీ పడ్డానికి ఇంకేం కావాలి?

హాలు సైకిలు షాపు మీద మేడగది. అక్కడొక అలవాటు ఉంది. తెల్లవారుజామున అందరికంటే ముందొచ్చినవాళ్ళకి టీచరమ్మ పక్కన, కిటికీ గాలి తగిలే చోటు. క్లాసు మొదలుపెట్టే గంట కూడా వాళ్ళే కొట్టాలి. ఆఖరున వచ్చినవాళ్ళ చాప చెప్పుల బల్ల పక్కన. అక్కడ కూర్చుని శ్వాస మీద మనసు పెట్టమంటే, శ్వాస సంగతి దేవుడెరుగు, ముందు వాసన వచ్చేది.

మొదట్లో పెడలక్క పావుగంట ముందు వచ్చేది. అది చూసి చిట్టి అరగంట ముందు వచ్చింది. ఓహో అలాగా అని పెడలక్క గంట ముందు బయల్దేరింది. అలా పెరిగీ పెరిగీ, వీధి కుక్కలు కూడా ముడుచుకు పడుకునే వేళకి ఇద్దరూ తాళం వేసిన తలుపు ముందు ఒకే మెట్టు మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చోవడం దాకా వచ్చింది.

పోనీ, ముందు లేచేవాళ్ళు ముందు పడుకుంటున్నారా? ఎక్కడ! గిన్నెలు తోమాలి, పిల్లల బట్టలు ఇస్త్రీ చేయాలి, పొద్దుటికి కూర తరిగి పెట్టుకోవాలి. లేవడం ముందుకు జరిగింది గానీ పడుకోవడం ఉన్నచోటే ఉంది. మధ్యలో నలిగింది నిద్ర. హాల్లో అందరిదీ అదే గొప్ప. "నాకు నాలుగు గంటలు చాలు" అని ఒకరంటే, "నాకైతే మూడే" అని ఇంకొకరు. నిద్ర తమస్సు అట, దాన్ని ఎంత కోసేస్తే అంత పైకెక్కినట్టట. నిద్ర తగ్గించుకోవడం గొప్ప అని మొదట కనిపెట్టినవాడెవడో గానీ, వాడి బట్టలు వాడు ఉతుక్కుని ఉండడు.

పెడలక్క యోగాకి వచ్చింది గొప్పల కోసం కాదు. మొదటి నెలలో ఒకరోజు కళ్ళు మూసుకుని కూర్చుంటే, మిషను హోరు, పిల్లల గోల, అత్తగారి దగ్గు, అన్నీ ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయి లోపల చల్లగా, నిశ్చలంగా ఉండిపోయింది. దాని కోసం వచ్చింది. ఇప్పుడు కళ్ళు మూస్తే ఆ నిశ్శబ్దం రావడం లేదు. గురక వస్తోంది.

అయినా మానలేదు. ఆ మంగళవారం దాకా.

మిషను హోరులో మాట వినబడదు. చిట్టి కాగితాల దొంతర సర్ది, బ్లేడు కిందకి తోసి, అంచులు సమంగా తట్టి, చేతులు వెనక్కి తీసుకుని తల ఊపుతుంది. ఆ ఊపు చూసి పెడలక్క తొక్కుతుంది. ఏళ్ళ తరబడి అదే గుర్తు. బ్లేడుకి అడ్డంగా ఒక ఇనపరేకు ఉండేది గానీ, పని నిదానమవుతోందని ఓనరు ఎప్పుడో విప్పించేశాడు.

ఆ రోజు చిట్టి తల ఊపింది. పెడలక్క తొక్కింది. బ్లేడు దిగింది.

చిట్టి ఊపింది తల కాదు. కునుకు వచ్చి మెడ వాలింది. చేతులు ఇంకా లోపలే ఉన్నాయి.

పెడలక్క అరవడానికి నోరు తెరిస్తే గాలే వచ్చింది. చిట్టి ఉలిక్కిపడి చేతులు లాక్కుని చూసుకుంది. వేళ్ళు పదీ ఉన్నాయి. కాగితాలు లెక్కపెట్టడానికి చూపుడువేలికి వేసుకునే రబ్బరు తొడుగు ఒకటి ఉంది చూడండి, అది ఆమెకి పొడుగు. ముందు కాస్త ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. ఆ ఖాళీ కొన తెగి, కాగితం పీలికల్లో పడి ఉంది.

"అబ్బ, తొడుగే కదా" అని నవ్వేసింది చిట్టి. నవ్వులో వణుకు ఉంది. "ఏంటక్కా అలా బొమ్మలా నిలబడ్డావ్? తొక్కు, ఇంకా బోలెడుంది."

పెడలక్క ఆ రబ్బరు ముక్క తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. తను మాత్రం సరిగ్గా చూసి తొక్కిందా? ఆమె కళ్ళూ సగం మూతలే. మెడ వాల్చినది ఒకతి, దాన్నే సైగ అనుకున్నది ఇంకొకతి. ఇద్దరూ నిద్రలోనే పనిచేస్తున్నారు. సాయంత్రం దాకా జేబులో ఆ ముక్కని తడుముతూనే ఉంది. ఇంటికెళ్ళేలోపు మనసులో ఒక ముడి వేసుకుంది. ఇక పందెం లేదు.

ఆ రాత్రి అన్నాలు పెందలాడే పెట్టేసి టీవీ ఆపేసింది.

"ఏమే, మ్యాచ్ చూస్తున్నానా లేదా?" అన్నాడు మొగుడు.

"చూశారుగా. మిగతాది వాళ్ళు ఆడుకుంటారు. మీరు గిన్నెలు తోమండి."

"నేనా!"

"చేతులున్నాయిగా. ఉన్నప్పుడే వాడుకోండి."

ఆ మాట ఆమె ఏ గొంతుతో అన్నదో గానీ, ఆయన లేచి వెళ్ళి పీచు అందుకున్నాడు.

పడుకున్నదే గానీ నిద్ర పడితేనా? ఇన్నాళ్ళూ తరిమికొట్టింది, పిలవగానే వచ్చేస్తుందా? అటు దొర్లింది, ఇటు దొర్లింది. తెల్లవారకముందే గోడ అవతల చిట్టి అలారం మోగింది. పెడలక్క కాళ్ళు వాటంతట అవే మంచం దిగబోయాయి. కిటికీ పక్క చోటు పోతోంది, గంట చిట్టి కొట్టేస్తుంది. మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని అలాగే పడుకుంది. పడుకోవడం ఇంత కష్టమైన ఆసనమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

హాలుకి అందరికంటే ఆఖరున వెళ్ళింది. చెప్పుల బల్ల పక్కన చాప పరుచుకుంది.

"ఏంటక్కా, దారి తప్పావా?" కిటికీ దగ్గర్నుంచి చిట్టి గొంతు. హాలంతా కిసుక్కుమంది.

"మొన్నటిదాకా కోడిని లేపిన మనిషివి కదమ్మా" అన్నాడు కింది సైకిలు షాపు మెకానిక్కు.

క్లాసు అయ్యాక పెడలక్క లేచి నిలబడింది. "అమ్మా, ఒక్క మాట. రాత్రిపూట మీరు ఎన్నింటికి పడుకుంటారు?"

అందరూ తిరిగి చూశారు. గురువుని ఆసనం గురించి అడుగుతారు, ప్రాణాయామం గురించి అడుగుతారు. పడక గురించి అడుగుతారా ఎవరైనా?

టీచరమ్మ కూడా తెల్లబోయింది. "ఎనిమిదిన్నరకమ్మా. తొమ్మిది దాటితే నేను మనిషిని కాను."

"ఎనిమిదిన్నరా!" మెకానిక్కు నోరు తెరిచాడు. "మీరు అసలు పడుకోరేమో అనుకున్నామండీ!"

"నేనేమన్నా గుడ్లగూబనా నాయనా?" టీచరమ్మ నవ్వబోయి, చుట్టూ ఎర్రగా ఉన్న కళ్ళు చూసి ఆగిపోయింది. "లేవమని రోజూ చెప్పాను. పడుకోమని విడిగా చెప్పాలనుకోలేదు. తప్పు నాదే. వినండి. నేను పొద్దు వాలగానే తేలిగ్గా తినేస్తాను. కాళ్ళు కడుక్కుంటాను. దీపం తగ్గించి, ఆ రోజు చేసిందీ చేయలేకపోయిందీ అంతా మంచం కింద పెట్టేసి, వదిలే శ్వాసని కాస్త పొడుగ్గా వదులుతూ పడుకుంటాను. నా సాధన అక్కడ మొదలవుతుంది, ఇక్కడ కాదు. నిద్రని దొంగిలించి తెచ్చి కళ్ళు మూసుకుంటే వచ్చేది ధ్యానం కాదమ్మా, కునుకు."

మెట్లు దిగుతుంటే చిట్టి మోచేత్తో పొడిచింది. "ఆవిడకేం, ఆవిడ సాధన అయిపోయింది, పడుకుంటుంది. మనం ఇంకా తపస్సులో కాలాలి. ఓడిపోయావని ఒప్పుకో అక్కా, దానికి గురువుగారి సాక్ష్యం ఎందుకు?"

"ఒప్పుకున్నాను. ఓడిపోయాను. ఇక పడుకుంటావా?"

చిట్టి మొహం మాడిపోయింది. గెలిచిన ఆనందం కూడా ఇవ్వకుండా లాక్కున్నట్టు చూసింది. "ఎందుకు పడుకోవాలి? నన్ను పడుకోబెట్టి రేపు నువ్వు ముందు పోదామనా?"

ఎంత చెప్పినా ఎక్కలేదు. తన సంగతి వరకైతే పెడలక్క గెలిచింది. టీచరమ్మ చెప్పినట్టే చేస్తే, వారం తిరిగేసరికి నిద్ర పాత చుట్టంలా వచ్చి కూర్చుంది. చెప్పుల వాసనలోనే ఒకరోజు ఆ పాత నిశ్శబ్దం కూడా తొంగిచూసి వెళ్ళింది. కానీ బ్లేడు కింద ఉన్నవి తన వేళ్ళు కాదు. చిట్టి మెడ రోజుకి నాలుగైదుసార్లు వాలుతోంది. పెడలక్క ప్రతిసారీ చేతులకేసి చూసి మరీ తొక్కుతోంది. ఒక్కసారి చూపు తప్పితే?

సోమవారం స్కూలు పుస్తకాల ఆర్డరు వచ్చింది. కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. చిట్టి దొంతర తోసింది, మెడ వాలింది, సర్దుకుంది, మళ్ళీ వాలింది.

పెడలక్క వంగి మిషను స్విచ్చి కట్టేసింది. హోరు ఆగేసరికి ప్రెస్సంతా తలెత్తింది.

"నేను తొక్కను" అంది.

ఓనరు గాజుగది లోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా, కరెంటు పోయిందా?"

"లేదు సార్. దీనికి నిద్ర లేదు. ఇది పడుకుని వచ్చేదాకా నేను పెడల్ మీద కాలు పెట్టను."

"నిద్రేంటమ్మా! సాయంత్రానికి సరుకు ఇవ్వాలి. నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు తొక్కుతారు."

"ఎవరు తొక్కుతారో రమ్మనండి." పెడలక్క పెడల్ కి అడ్డంగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. యోగా క్లాసులో కూడా అంత నిటారుగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఎవరూ కదల్లేదు. పుస్తకాలకి జిగురు పూసే ముసలాయన కుంచె డబ్బాలో పెట్టేశాడు. "నాకు మోకాళ్ళ నొప్పులు బాబూ, తొక్కలేను" అన్నాడు. ఆయన మోకాళ్ళకి నొప్పి ఉన్నట్టు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

చిట్టి మొహం ఎర్రబడింది. "నలుగురిలో పరువు తీస్తావా? నాకు నిద్ర రావట్లేదు! నేను నీలాగ ఓడిపోయి మూల కూర్చునే రకం కాదు! నా సాధన చూసి ఓర్వలేక..." అంటూ చేతులు తిప్పుతూ వెనక్కి నడిచి కాగితం కట్టల మీద చతికిలబడింది. "అసలు నీకు మొదట్నుంచీ నేనంటే... నా పెళ్ళిలో కూడా నువ్వు..." ఆ పెళ్ళిలో ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. మాట మధ్యలోనే తల కట్టల మీదకి ఒరిగింది. నోరు తెరిచే ఉంది, తిట్టు మాత్రం లోపలే ఉండిపోయింది.

"లేపండి దాన్ని!" అన్నాడు ఓనరు.

పెడలక్క లేచి కట్టలకి అడ్డంగా నిలబడింది. కాగితం కొలిచే ఇనప స్కేలు చేతిలో ఉంది. గొంతు తగ్గించి అంది. "లేపకండి సార్. పెద్దగా కూడా మాట్లాడకండి." జేబులోంచి రబ్బరు ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది దీని తొడుగు. ఈసారి లోపలిది పోతుంది. మీ ప్రెస్సులో అన్నీ అచ్చేస్తారు కదా, వేలు అచ్చేసి ఇస్తారా?"

ఓనరు ఆ ముక్కకేసి చూశాడు. మిషను మీద రేకు విప్పించిన చోట ఉన్న నాలుగు కన్నాలకేసి చూశాడు. ముక్క ఆమెకి తిరిగి ఇచ్చి, గాజుగదిలోకి వెళ్ళి తలుపు నెమ్మదిగా వేసుకున్నాడు.

చిట్టి భోజనాల వేళ దాటాక లేచింది. బుగ్గ మీద కాగితం కట్టిన తాడు అచ్చు పడింది. ప్రెస్సు మూగబోయి ఉంది. ఎదురుగా నేల మీద తోడికోడలు.

"మిషను ఇంకా ఆగే ఉందా?" అంది మెల్లిగా.

"ఉంది."

"నా కోసమా?"

పెడలక్క రబ్బరు ముక్క ఆమె చేతిలో పెట్టింది. చిట్టి చూపుడువేలు కొనకి దాన్ని తొడుక్కుంది. సరిగ్గా గోరు మునిగేంత ముక్క. దాన్ని తీసి గుప్పిట్లో బిగించుకుంది.

"పందెం మొదలెట్టింది నువ్వే" అంది చివరికి, ముక్కు ఎగబీలుస్తూ.

"నేనే. అందుకే నేనే ముగిస్తున్నా. తొమ్మిదింటికి గోడ మీద కొడతాను. దీపం ఆర్పకపోతే వచ్చి ఆర్పుతాను. మా మరిది గారికి కూడా చెప్పు, గిన్నెలు వాటంతట అవి శుభ్రం కావని."

ఆ సాయంత్రం సరుకు వెళ్ళలేదు. ఓనరు గొణిగాడు, తిట్టాడు, స్క్రూలు తెప్పించి రేకు బిగించాడు.

మర్నాడు పొద్దున్న హాల్లో కిటికీ పక్క చోటు మెకానిక్కుకి దొరికింది. చెప్పుల బల్ల దగ్గర రెండు చాపలు. "కాస్త జరుగు, నాకు అన్నీ ఎవరివో చెప్పులే తగుల్తున్నాయి" అని చిట్టి గొణిగిందే గానీ, కళ్ళు మూసుకున్నాక మెడ నిటారుగా ఉంది.

మిషను దగ్గర పెడలక్క వెంటనే తొక్కలేదు. "ఇవాళ్టి నుంచి తల ఊపడాలు లేవు. చేతులు పైకెత్తు."

చిట్టి దొంతర సర్ది రెండు చేతులూ ఎత్తింది. పెడలక్క వేళ్ళు చూసింది. తర్వాత కళ్ళలోకి చూసింది.

"పడుకున్నావా?"

"పడుకున్నాను."

"నిజంగా?"

"అబ్బబ్బ! గోడ పగిలేలా కొట్టావు కదే తల్లీ, పడుకోక చస్తానా? తొక్కు!"

అప్పుడు తొక్కింది.