ఎర్మెస్ ఎక్కని మెట్లు

బొలోన్యా ఊళ్ళో తాను కళ్ళకు గంతలు కట్టుకుని కూడా తిరగగలనని, అప్పుడే రైలు దిగిన లోరెదానాకు ఎర్మెస్ ప్లాట్‌ఫారం మీదే చెప్పేశాడు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాననీ, ఈ వీధి వసారాల్లో ప్రతి స్తంభం తనను పేరు పెట్టి పలకరిస్తుందనీ అన్నాడు. పావుగంట తర్వాత, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా తొంగిచూసే, కాలవ కనబడే చిన్న కిటికీ ఇదేనంటూ ఒక తలుపు తోశాడు. లోపల ఇద్దరు ముసలివాళ్ళు శవపేటికకు పాలిష్ పెడుతున్నారు. వాళ్ళలో ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, కొలత ఎవరిదని మర్యాదగా అడిగాడు.

కిటికీ వెనక సందులో ఉందని దారిన పోయే ఒకావిడ చెప్పింది. తాను తీసుకొచ్చింది దగ్గరి దారేననీ, మధ్యలో శవపేటికల కొట్టు అడ్డం పడిందనీ ఎర్మెస్ అన్నాడు.

లోరెదానా నవ్వలేదు. ఆమె అంకోనా రేవులో కస్టమ్స్ తనిఖీ ఉద్యోగి. తెచ్చినవాడి చెవుల రంగు చూసి, మూత తియ్యకముందే పెట్టెలో ఏముందో చెప్పేస్తుందని ఆ రేవులో ఆమెకు పేరు. వెనక సందుకు వెళ్ళి చూశాక, చేతిసంచిలోంచి కాగితం తీసి, కిటికీ అన్న చోట టిక్కు పెట్టింది. కాగితం మీద చూడాల్సినవి అయిదు ఉన్నాయి. అయిదోది అసినెల్లి బురుజు. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆ రెండు గీతలు చూడగానే ఎర్మెస్ చేతిగడియారం చూసుకున్నాడు.

బొలోన్యాలో చదువుకునే వాళ్ళకు దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ ఒక్క విషయంలో ఉంటుంది: పట్టా పుచ్చుకోకముందు ఆ బురుజు ఎక్కినవాడు ఇక జన్మలో పట్టా పుచ్చుకోడు. ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు కాబట్టి అందరూ పాటిస్తారు. ఎర్మెస్ ఉండే ఇంటి పై వాటాలో ఒకాయన ఉన్నాడు. ఇరవయ్యో ఏట ఒక స్వీడన్ పిల్ల తనను చూసి నవ్విందని ఎక్కేశాడు. ఇప్పుడాయనకు అరవై నాలుగు. మొన్న ఆయన మనవడు ఆయనకంటే ముందు పాసయ్యాడు. ఆ రోజంతా ఆయన బాల్కనీలో నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

తొమ్మిదేళ్ళుగా లా చదువుతున్న ఎర్మెస్ కూడా పాస్ కాలేదు. ఆ సంగతి లోరెదానాకు తెలియదు. నీ పట్టా చేతికొచ్చిన నెలలోనే బదిలీ పెట్టుకుని వచ్చేస్తాను, పెళ్ళి చేసుకుందాం అని మూడేళ్ళ కిందట ఆమె అంది. మార్చిలో ఒక రోజు ఫోన్‌లో ఎర్మెస్ "అయిపోయింది" అన్నాడు. అయిపోయింది అతని ఓపిక. ఏది అయిపోయిందని ఆమె అడగలేదు, అడగని దానికి జవాబు చెప్పడం మర్యాద కాదని ఇతను ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ బదిలీ కాగితం ఆమె సంచిలో ఉంది. సోమవారం లోపల సంతకం పెట్టి ఇవ్వాలి.

నిజం తెలిస్తే సంతకం పోతుంది. బురుజు ఎక్కితే పట్టా పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి కాకూడదంటే ఒకటే దారి. బురుజు అయిదింటికి మూస్తారు. అందాకా ఎలాగైనా పొద్దు పుచ్చాలని ఎర్మెస్ పళ్ళు బిగించి నిశ్చయించుకున్నాడు. మూసేలోగా అయిదూ చూసి తీరాలని లోరెదానా నిశ్చయించుకుంది. మొండితనంలో ఇద్దరూ ఒకే కాన్పులో పుట్టినట్టు ఉంటారు.

పాతకాలంలో శవాలు కోసి పాఠం చెప్పిన చెక్క హాల్లో, గోడ మీది ప్రతి పండితుడి బొమ్మ ముందూ ఎర్మెస్ ఆగి, ఆయన జీవితచరిత్ర అప్పటికప్పుడు పుట్టించి చెప్పాడు. ఒకాయన తన కాలు తానే కోసుకుని పాఠం చెప్పి, మళ్ళీ కుట్టుకుని ఇంటికి నడిచివెళ్ళాడన్నాడు. లోరెదానా శ్రద్ధగా విని, ఏ కాలని అడిగింది. ఎడమది అన్నాడు. ఆమె టిక్కు పెట్టి బయటికి నడిచింది.

భోజనం దగ్గర అతను తొర్తెల్లీని పులుసు చెప్పి, అందులో మాంసం కూరిన చిన్న చిన్న ముద్దల్ని ఒక్కొక్కటిగా, ఒక్కోదాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ తినసాగాడు. సగం అయ్యేసరికి పులుసు చల్లబడింది. ముప్పావు అయ్యేసరికి వడ్డించినవాడి డ్యూటీ అయిపోయి ఇంకొకడు వచ్చాడు. వచ్చినవాడు, రుచి బాగాలేదా దొత్తోరె అని అడిగాడు. ఆ దేశంలో పట్టా ఉన్నవాణ్ణి దొత్తోరె అంటారు. కళ్ళజోడు ఉన్నవాణ్ణీ, హోటల్లో టై కట్టుకున్నవాణ్ణీ కూడా అంటారు. అయినా ఆ మాట వినగానే ఎర్మెస్ గొంతుకు ముద్ద అడ్డం పడింది. లోరెదానా అతని వీపు తట్టి, మిగిలిన మూడు ముద్దలూ తన ఫోర్కుతో తీసుకుని తినేసి, రుచి చూడడం కూడా చూడడమేనని మూడో టిక్కు పెట్టి లేచింది.

పెద్ద మైదానం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పట్టా లేనివాడు దాని నడిబొడ్డున ఉన్న గట్టు దాటినా అరిష్టమే. లోరెదానా చర్చి వైపు తిన్నగా గట్టు మీదుగా నడిచింది. ఎర్మెస్ మైదానం అంచు పట్టుకుని చుట్టూ పరిగెత్తి, ఆమెకంటే ముందే చర్చి మెట్ల మీద నిలబడి, నోటితో గాలి పీలుస్తూ ఎదురొచ్చాడు. గట్టు మీదుగా రాలేదేమంటే, తనకు పావురాలు పడవని చెప్పాడు. మెట్ల మీద అతని చుట్టూ ఓ నలభై పావురాలు ఉన్నాయి. ఒకటి బూటు మీద ఎక్కి కూర్చుంది.

లోరెదానా పావురాన్ని చూసింది, బూటును చూసింది, ఎర్మెస్ చెవుల్ని చూసింది. నాలుగో టిక్కు పెట్టింది.

నాలుగుంపావుకు బురుజు కిందికి చేరారు. పక్కనున్న పొట్టి బురుజు వందల ఏళ్ళుగా ఒక పక్కకు వాలి, కింద జరిగేది చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంది. ఎర్మెస్ ముందు మోకాలు నొప్పి అన్నాడు. తర్వాత ఎత్తంటే భయమన్నాడు. ఆ తర్వాత, తన మేనమామ ఈ బురుజు ఎక్కి దిగేసరికి చెవుడు వచ్చిందని అన్నాడు. మీ మేనమామ పోయిన వారం నాతో అరగంట ఫోన్‌లో మాట్లాడాడే అని లోరెదానా గుర్తుచేసింది. అందుకే అరగంట పట్టిందన్నాడు ఎర్మెస్.

ఆమె రెండు టికెట్లు తీసుకుంది. ఒకటి అతని చేతిలో పెట్టి, మెల్లగా చెప్పింది.

"బదిలీ కాగితం మీద సంతకం పైకెళ్ళాక పెడతా. ఊరంతా కనబడే చోట. పక్కన నువ్వుండాలి."

పట్టా లేకపోయినా బతకొచ్చు, లోరెదానా లేకపోతే బతకడం తన వల్ల కాదని ఎర్మెస్ ఆ గుమ్మంలో నిలబడి తేల్చుకున్నాడు. తేల్చుకుని, నాలుగువందల తొంభై ఎనిమిది మెట్లలో మొదటిదాని మీద కాలు పెట్టాడు.

టికెట్లు చింపే ముసలాయన వెనక నుంచి, అలవాటు కొద్దీ అందరికీ చెప్పే మాటే చెప్పాడు. "పట్టా రాకుండా ఎక్కకు నాయనా. నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా."

మొదటి మెట్టు మీద ఎర్మెస్ బుర్రలోంచి రోమన్ న్యాయశాస్త్రంలో ఆస్తి హక్కుల అధ్యాయం జారిపోయింది. మూడో మెట్టు మీద వారసత్వం పోయింది. అయిదో మెట్టు దగ్గర బానిసల విడుదల కూడా పోయి, సొంత ఇంటి నంబరు గుర్తుకు రాకుండా పోయింది. ఆరో మెట్టు మీద అతను గోడ పట్టుకుని ఆగిపోయాడు. రెండు మెట్లు పైన లోరెదానా కూడా ఆగింది, వెనక్కి తిరక్కుండా.

"లోరెదానా."

"ఊఁ."

"నాకు పట్టా రాలేదు."

ఆమె అప్పుడు తిరిగింది. ఆశ్చర్యపోలేదు. అక్కడే మెట్టు మీద చతికిలబడి, సంచి ఒళ్ళో పెట్టుకుంది. తన ఆఫీసులో రోమోలా అనే అమ్మాయి బొలోన్యాలోనే చదివిందనీ, బురుజు సంగతీ మైదానం సంగతీ ఆమె పోయిన నెలలోనే చెప్పిందనీ అంది. అయిపోయింది అన్నవాడు పట్టా పండగకి పిలవకపోతే అనుమానం రాదా అని అడిగింది.

"అంటే పొద్దున్నించీ నీకు..."

"పొద్దున్నించీ చూస్తున్నా, ఇప్పుడు చెప్తాడా, ఇప్పుడు చెప్తాడా అని. మైదానం చుట్టూ అలా గాడిదలా పరిగెత్తే బదులు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు రావనుకున్నా."

"అబద్ధాలాడేవాడి ఊరికి రాను. ఫెయిలయ్యేవాడి ఊరికైతే వస్తా, నాకేం." ఆమె సంచిలోంచి బదిలీ కాగితం తీసి మోకాలి మీద పరిచి, పెన్ను మూత తీసింది. "అన్నీ చెప్పు. చెప్పడం అయ్యాకే సంతకం. ఎన్ని మిగిలాయి?"

"ఒక్కటే. రోమన్ లా. అది కూడా పాసే, నిజానికి. ముప్పైకి పద్దెనిమిది ఇస్తానన్నాడు ప్రొఫెసరు. పరువు తక్కువని నేనే వద్దన్నా."

లోరెదానా అతని చెవుల వైపు చూసింది. పెన్ను ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో అతని మణికట్టు పట్టి ఒక మెట్టు పైకి లాగింది.

"రెండు," అన్నాడు ఎర్మెస్.

ఇంకో మెట్టు లాగింది. కింద నుంచి ముసలాయన, మలుపు దాకా అయితే దోషం లేదనీ, మలుపు తిరిగితే మాత్రం తన పూచీ లేదనీ కేక వేశాడు. మలుపు ఇంకా మూడు మెట్ల దూరంలో ఉంది. లోరెదానా లేచి నిలబడి, పట్టు బిగించింది.

"నాలుగు," అన్నాడు ఎర్మెస్, రెండో చేత్తో కమ్మీని కావలించుకుని. "నాలుగు పేపర్లు, లోరెదానా. పద్దెనిమిది ఇస్తానన్నది కూడా అబద్ధం, పదకొండు ఇచ్చాడు. థీసిస్‌కి ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆ చెక్క హాల్లో కాలు కోసుకున్నాయన, అదీ నేనే పుట్టించా."

లోరెదానా అతని చెవులు ఇంకోసారి చూసి, మణికట్టు వదిలేసి, పెన్ను కుడిచేతిలోకి మార్చుకుంది.