విషం అని రాసిన సీసా

ముప్పై ఏడో టెస్ట్ ట్యూబును కడిగి స్టాండులో బోర్లించి, ల్యాబ్ అటెండరు నడుం నిటారుగా చేసుకున్నాడు. ఇంకా ఇరవై మూడున్నాయి. సాయంత్రానికి రిటైరవుతున్న మనిషి ఇవాళ ట్యూబులు కడగకపోయినా అడిగేవాళ్లు లేరు. కానీ ముప్పై మూడేళ్లుగా కడుగుతున్న చేతులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వేళ్ల చివర్లు యాసిడ్‌కి పసుపు పచ్చగా మారిన చేతులవి. మనిషి సన్నం, చొక్కా వదులు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, అందులో ఒకటి రాయదు.

ఆయన దిగులు రిటైర్మెంటు గురించి కాదు. కాఫీ గురించి.

పదకొండేళ్ల కిందట ప్రాక్టికల్ పరీక్షలకి వేరే కాలేజీ నుంచి ఒక ఎగ్జామినరు వచ్చాడు. పిల్లలు తమకిచ్చిన లవణం ఏదో తేల్చుకోలేక చెమటలు కక్కుతుంటే, ఆయన తాపీగా సంచిలోంచి గరాటు, కాగితం తీసి కాఫీ వడగట్టుకుని, సగం అటెండరుకిచ్చాడు. పాలు లేవు, చక్కెర లేదు. అప్పటిదాకా అటెండరు దృష్టిలో కాఫీ అంటే వేడిగా, తియ్యగా, గోధుమరంగులో ఉండే ద్రవం. మొదటి గుక్క చేదుగా ఉంది. రెండో గుక్కలో ఏదో పండు రుచి తగిలింది. అదేం పండో తేల్చుకునేలోపు గ్లాసు ఖాళీ అయింది.

ఆ తర్వాత ఏడాదంతా ప్రయోగాలే. సొంతానికి ఒక గరాటు, మూడు గాజు గ్లాసులు, ఒక థర్మామీటరు కొన్నాడు. ల్యాబ్ సామానుతో కలవకుండా వాటికి ఎర్రదారం కట్టాడు. నీళ్లు తొంభై రెండు డిగ్రీల దగ్గర ఉండాలనీ, ముందు పొడిని కాస్త తడిపి అర నిమిషం ఆగాలనీ కనుక్కున్నాడు. ఇల్లు కట్టించుకున్నప్పుడు కూడా ఇంత కొలత పాటించలేదు. ఆ వంటింటి తలుపు ఇప్పటికీ మూసుకోదు.

పొడి సీసాని పాత రికార్డుల అరలో పెట్టి, ఎవరూ చెయ్యి వెయ్యకుండా దాని మీద గుండ్రటి అక్షరాలతో ‘విషం’ అని రాశాడు.

ఇంట్లో ఆయన భార్య పెట్టే కాఫీ ఇరవై తొమ్మిదేళ్లుగా మారలేదు. పొద్దున ఒకసారి డికాక్షన్ తీస్తే, రాత్రి దాకా దాన్నే మరగబెట్టి ఇస్తుంది. ఆయన రోజూ గ్లాసు అందుకుని “వేడిగా ఉంది” అనేవాడు. ఆమె దాన్ని మెప్పు కింద తీసుకునేది. తను అబద్ధమాడలేదన్నదొక్కటే ఆయనకి ఊరట. రేపట్నుంచి రోజుకి మూడుసార్లు వేడిగా ఉండబోతోంది. పోనీ గరాటు ఇంటికి తీసుకెళ్దామంటే, ఎందుకని అడుగుతుంది. చెబితే ఇరవై తొమ్మిదేళ్ల వేడి మీద విచారణ మొదలవుతుంది. అందుకని నాలుగింటికి ఆఖరి గ్లాసు తాగేసి, సీసా పారేద్దామని నిశ్చయించుకున్నాడు.

వీడ్కోలు సభ నాలుగున్నరకి. భార్య మూడున్నరకే వచ్చింది. ఆమె రైలుకైనా, డాక్టరు దగ్గరికైనా గంట ముందే వెళ్లే మనిషి. కొత్త చెప్పులు కరుస్తున్నాయని స్టూలు మీద కూర్చుంది. అదే సమయానికి కెమిస్ట్రీ మేడం సామాను సరిచూసుకోడానికి స్టాకు పుస్తకం పట్టుకుని వచ్చింది.

“ఈ సీసా ఏంటి? పుస్తకంలో లేదే.”

“పాతది మేడం. పారేస్తాను.”

“విషాలు ఎక్కడపడితే అక్కడ పారెయ్యకూడదని పిల్లల్ని తిట్టేది మీరే కదా.”

ఆవిడ మూత తీసింది. గదంతా వాసన పరుచుకుంది.

“పదకొండేళ్లుగా రోజూ నాలుగింటికి ఈ విషం వాసన నా క్లాసులోకి వస్తోంది. ఒక్కరోజన్నా ‘తాగుతారా’ అని అడుగుతారేమో అని చూశాను.”

“మీరు చక్కెర లేకుండా తాగరనుకున్నాను మేడం.”

“ఏంటండీ అది?” అంది భార్య.

“కాఫీ.”

“ఇంటికొచ్చి నా కాఫీ తాగుతారుగా. మళ్లీ ఇదెందుకు?”

ఆయన కడిగిన ట్యూబు ఒకటి తీసి మళ్లీ కడిగాడు.

“ఇది బాగుంటుంది,” అన్నాడు.

మేడం గోడ మీది మూలకాల పట్టికని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. ఆవిడ ఆ సబ్జెక్టులోనే డాక్టరేట్ చేసింది.

“మరి నాది?”

“వేడిగా ఉంటుంది.”

ఇరవై తొమ్మిదేళ్ల గ్లాసులూ ఒక్కొక్కటే ఆమె కళ్లముందు తిరిగినట్టున్నాయి. తర్వాత కొత్త చెప్పులు విడిచి పక్కకి నెట్టింది.

“పెట్టండి. చూద్దాం.”

నీళ్లు కాగాయి. థర్మామీటరు తొంభై రెండు చూపించేదాకా ఆగి, పొడి తడిపి, లోపల ముప్పై అంకెలు లెక్కపెట్టుకుని, సన్నటి ధారగా పోశాడు. మూడు గ్లాసులు బల్ల మీద పెట్టాడు.

మొదటి గుక్కకి భార్య మొహం కుంకుడురసం కళ్లల్లో పడ్డట్టు అయింది. రెండో గుక్కకి కనుబొమ్మలు దిగాయి. చివర్లో గ్లాసు వంచి అడుగున ఏమన్నా మిగిలిందేమో చూసుకుంది.

“ఎలా ఉంది?” అన్నాడాయన.

“వేడిగా ఉంది.”

మేడంకి పొలమారింది.

“రేపట్నుంచి పొద్దున ఆరింటికి మీరే లేవండి,” అంది భార్య, చెప్పులు వేసుకుంటూ. “ఆ గరాటు మర్చిపోకండి. మనింట్లోది కిరసనాయిలుది.”

“నీక్కూడా పెట్టనా?”

“లేకపోతే నేనేం తాగను, వేడా?”

సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆయన సర్వీసు మూడు రకాలుగా చెప్పారు. ఆయన ఏదీ సరిదిద్దలేదు. అయిపోయాక ఎర్రదారాల గరాటు, గ్లాసులు సంచిలో పెట్టుకున్నాడు. థర్మామీటరు జేబులో, రాయని పెన్ను పక్కన పెట్టుకున్నాడు. తాళాలు మేడంకి ఇచ్చాడు, సీసా కూడా ఆవిడకే వదిలాడు. భార్య చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడుస్తుంటే, వెనక సంచి గలగలలాడకుండా పట్టుకుని గేటు దాటాడు.

రికార్డుల అరలో సీసా సగం పొడితో అలాగే ఉంది. ‘విషం’ అన్న మాట కింద, కొత్తగా పెన్సిలుతో, మేడం అక్షరాలు: ‘రోజుకి ఒక్కసారి. నాలుగింటికి.’