పచ్చసొనలో పొగ

ఘనా దేశంలోని అక్రా నగరంలో, ఓడా వాగు ఒడ్డున, పాత సామాను విరగ్గొట్టే తుక్కు బజారు వెనక సనాతు అనే ముసలమ్మ పదకొండు కోళ్ళను పెంచేది. రోజూ ఉదయం ఒక గుడ్డు ఉడకబెట్టి, అలసందలన్నం మీద పెట్టి కోడలు వున్‌పినికి ఇచ్చేది. వున్‌పిని మూడు నెలల బాలింత.

"పచ్చసొన వదలకు పిల్లా. బలమంతా అందులోనే ఉంది."

"మీ కోళ్ళు నాకంటే బాగా తింటున్నాయత్తా," అని నవ్వేది కోడలు.

నిజమే. పొద్దస్తమానం అవి తుక్కు బజారు మన్ను గీరి పురుగులు ఏరుకునేవి. ఆ మన్ను మీదే సనాతు కొడుకు నైందో పాత టీవీలు పగలగొట్టేవాడు, వైర్లు కాల్చి రాగి తీసేవాడు. సముద్రాల అవతల ఎవరో చూసి చూసి మొహం మొత్తి పారేసిన టీవీలవి. మంట రాజుకోవడానికి పాత ఫ్రిజ్‌ల లోపలి స్పాంజి వేసేవాడు. నల్లటి పొగ కోళ్ళ మీదా, ఆరేసిన పసిబిడ్డ బట్టల మీదా వాలేది. ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. వాళ్ళకు కూడు పెడుతున్నది ఆ పొగే.

ఒకనాడు లారిబా అనే పరిశోధకురాలు వచ్చి, పరీక్షకని ఆరు గుడ్లు అడిగింది. వీళ్ళు వలస వచ్చిన ఉత్తరాది పిల్లే, వీళ్ళ భాషే మాట్లాడింది. సనాతు మురిసిపోయి ఇచ్చింది. నాలుగు నెలల తర్వాత లారిబా తిరిగొచ్చింది.

"అమ్మా, ఈ గుడ్లు ఇక తినకండి."

"ఏం, నా కోళ్ళకేం రోగం?"

"రోగం మట్టిది. టీవీకి నిప్పు అంటుకోకుండా దాని ప్లాస్టిక్‌లో బ్రోమిన్ మందు కలుపుతారు."

నైందో ఫక్కున నవ్వాడు. "అంటుకోకుండానా? మరి పదేళ్ళుగా నేను తగలేస్తున్నదేంటక్కా?"

"గొడవంతా అక్కడే తమ్ముడూ. నువ్వు కాలిస్తే ఆ మందు ఇంకా ఘోరమైన విషమవుతుంది. ఎండలో వదిలేస్తే కొంచెం కొంచెంగా విరుగుతుంది. విరిగింది కదా, పీడ పోయిందనుకుంటాం. కానీ పెద్ద ముక్క ఒంట్లోకి అంతగా ఎక్కదు, విరిగిన చిన్న ముక్కే సులువుగా ఎక్కుతుంది. కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. అదంతా ఈ మట్టిలో కలిసింది. కోడి ఈ మట్టి తిని దాన్ని పచ్చసొనలో దాస్తుంది."

వున్‌పిని బిడ్డను రొమ్ము నుంచి లాగేసింది. "మరి నా పాలు?"

"పాలు మాన్పించకు చెల్లీ. చేటుకన్నా మేలే ఎక్కువ. గుడ్లు మానెయ్."

"ఇప్పటిదాకా తిన్నవి?"

లారిబా తల దించుకుంది. "వాటిని బయటికి తీసే మందు లేదు."

సనాతు నేల మీద చతికిలబడింది. "వద్దంటే తిట్టి మరీ తినిపించానే! నా చేత్తోనే పెట్టానే!"

మర్నాడు అన్నం కొట్టు నడిపే అసీబి వచ్చింది. "మీరు తినకపోతే ఆ కోళ్ళను నాకమ్మెయ్ వదినా. ఈ కోడి ఎక్కడ మేసిందని తినేవాడు అడుగుతాడా ఏంటి?"

"అడగడు," అంది సనాతు. "ఆ టీవీలు పంపినవాళ్ళూ నన్ను అడగలేదు. నీకమ్మితే నేనూ వాళ్ళ జట్టే."

ఆ మధ్యాహ్నం పదకొండు కోళ్ళనూ కోయించింది. కోడి కోసినా పొయ్యి వెలగని రోజు ఆ ఇంట అదే మొదటిది. పార పట్టుకుని నైందో నాలుగు దిక్కులా చూశాడు. ఎక్కడ తవ్వినా నల్లటి మట్టే.

"ఎక్కడ పాతనమ్మా?"

చివరికి అతను వాటిని ఆ నల్లమట్టిలోనే పాతాడు. వారం తిరగకుండానే మళ్ళీ వైర్లు కాల్చడానికి వెళ్ళాడు. అతనికి వేరే పని రాదు. పసిపిల్లకు ఎనిమిదో నెల వచ్చింది, బాగానే ఆడుకుంటోంది. అయినా పాప దగ్గినప్పుడల్లా ఇంట్లో ముగ్గురూ ఉలిక్కిపడతారు.

కోళ్ళ సంగతి విన్న లారిబా తుక్కు బజారులో పదిమంది ఎదుట అంది: "ఈ ముసలమ్మకున్న నీతి ఆ వస్తువులు చేసేవాళ్ళకూ, పారేసేవాళ్ళకూ ఉంటే మనకీ గతి పట్టేది కాదు. పారేసిన విషం ఎక్కడికీ పోదు. పారేసినవాడి కళ్ళకు కనబడనంత దూరంలో, ఒక తల్లి పాలలో చేరుతుంది."