నాదేనన్న బొంత

మా మనవరాలు నిద్రపోవడంతో ఇదంతా మొదలైంది.

పుట్టిన కొత్తలో ఆ పిల్ల సాయంత్రమైతే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. నేను పాత దుప్పట్లూ, మా అబ్బాయి చిన్నప్పటి చొక్కాలూ కత్తిరించి పొరలు పొరలుగా పేర్చి ఒక బొంత కుట్టాను. దాని మీద పడుకోబెట్టిన రోజునే పిల్ల ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. నిజానికి ఆ ఉదయమే డాక్టరు పాలు మార్చమన్నాడు, మేం మార్చాం. పైగా ఆ వయసు దాటితే పసివాళ్ళ కడుపునొప్పి దానంతటదే తగ్గుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. రెండు కారణాలు కళ్ళెదుట ఉండగా మా ఇంట్లోవాళ్ళు మూడోదాన్ని ఎంచుకున్నారు.

"మీది మామూలు చెయ్యి కాదత్తయ్యా, ఏం హస్తవాసో!" అంది కోడలు.

మందిచ్చే చేతికి వాడే మాటను సూది పట్టే చేతికి అంటగట్టడం చూసి నవ్వుకున్నానే గాని, కాదని చెప్పలేదు. కింది వాటావాళ్ళ పిల్లాడికి ఒకటి, ఎదురింటి అమ్మాయి కవలలకు రెండు, ఆపైన కోడలి ఆఫీసులో ఎవరింట ఎవరు పుడితే వాళ్ళకు ఒక్కొక్కటి. బొంతలతో ఆగలేదు. గుడ్డ కుందేళ్ళు, దిండు గలీబులు, పొయ్యి మీంచి గిన్నె దించే మందపాటి గుడ్డలు. కొనేవాళ్ళయితే ఈ నెల కుదరదని చెప్పవచ్చు. వీళ్ళు కొనేవాళ్ళు కారు, చేతులు పట్టుకుని అడిగేవాళ్ళు. తమ ఇళ్ళలోని పాత బట్టలు సంచుల్లో తెచ్చి నా గదిలో పెట్టిపోయేవారు. చివరికి నా గది తలుపు సగానికి మించి తెరుచుకోక నేను పక్కకు తిరిగి లోపలికి దూరవలసి వచ్చేది. మంచం మీద కాళ్ళు చాపుకునే వైపు ఎవరిదో పాత పరదా ఉండేది.

ఇలా కొన్నేళ్ళు గడిచాక కోడలు రెండోసారి నీళ్ళోసుకుంది. ఆ వార్త విన్న రోజునే, వాళ్ళ పెళ్ళైన కొత్తలో వాడి వాడి మెత్తబడిన లేతాకుపచ్చ దుప్పటి ఒకటి ఉతికి, ఆరేసి, అలమరలో దాచుకున్నాను. ఎవరూ అడగకుండా, నా అంతట నేను కుట్టాలనుకున్న బొంత అదొక్కటే. పుట్టే బిడ్డను ఇంటికి తెచ్చేనాటికి అది సిద్ధంగా ఉండాలి. కానీ ఆ దుప్పటి నేల మీద పరిచిన ప్రతిసారీ గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడేవారు.

"ఒక్కటంటే ఒక్కటి అత్తయ్యా. ఇదే ఆఖరు," అంది కోడలు ఒకనాడు.

"ఆఖరుది పోయిన నెలలోనే అయిపోయిందన్నావు కదమ్మా."

"అది ఆఖరుకు ముందుది. మా మేనేజరమ్మకి బాబు పుట్టాడు. నేను కాన్పుకి సెలవు పెడితే ఒప్పుకోవలసింది ఆవిడే. మీ బొంత కావాలని తనే నోరు తెరిచి అడిగింది. ఏమనను?"

నా మణికట్టు అప్పటికే వాచి, నీళ్ళ చెంబు ఎత్తలేని స్థితిలో ఉంది. చెయ్యి చూపించాను. కోడలు చూసింది, నిట్టూర్చింది, వేడినీళ్ళ కాపడం పెట్టి వెళ్ళింది. కొన్నాళ్ళ తర్వాత "మేనేజరమ్మ సంగతి నేను చూసుకున్నాలెండి," అంది. ఎలా చూసుకుందో నేను అడగలేదు. అడిగితే మళ్ళీ సూది చేతికొస్తుందని భయం.

ఒక ఆదివారం మేనేజరమ్మ మా ఇంటికి వచ్చింది. మా అబ్బాయి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోకుండా సంచిలోంచి ఒక చిన్న బొంత తీసి బల్ల మీద పరిచింది.

"మీ మీద కోపంతో రాలేదండీ. చెప్పకపోతే ఇంకో బిడ్డకి జరుగుతుందని వచ్చాను. దీని దారం ఊడి మేజోడులోకి దూరి బాబు కాలివేలికి ఉచ్చులా బిగిసిపోయింది. ఏడుస్తుంటే ఆకలనుకుని పాలు పట్టాను, ఎత్తుకుని తిప్పాను. తీరా మేజోడు తీసి చూస్తే వేలు నేరేడుపండులా ఉంది."

"ఇప్పుడెలా ఉంది?" అని మా అబ్బాయే అడిగాడు.

"డాక్టరు దారం కోసి తీశాడు. వేలు దక్కింది."

నేను బొంతను తిరగేశాను. ఎడం ఎడంగా వేసిన పొడవాటి కుట్లు, కిందివైపు బయటికే వదిలేసిన ముడులు, ముడుల చివర వేలాడే దారాలు. నేను ప్రతి ముడినీ పొరల మధ్యకు లాగి దాస్తాను. అది నాది కాదు. తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో కోడలు మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. బొంతను గాని, నన్ను గాని చూడకుండా గ్లాసులోకే చూస్తోంది. బజారులో కొన్నదని, నా పేరు చెప్పి ఇచ్చిందని ఆమెను చూస్తేనే అర్థమైంది.

నాది కాదంటే, మరెవరిదన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు నిండు కడుపుతో గుమ్మంలో నిలబడి ఉంది. పై అధికారి ముందు ఆమె పరువు పోతుంది, సెలవు మాట దేవుడెరుగు. ఇక మా అబ్బాయి ఎంత చిన్న అబద్ధాన్నైనా సహించడు. ఆ గుణం వాడికి నేర్పింది నేనే.

"నాదేనమ్మా," అన్నాను. "కళ్ళు మునుపటిలా లేవు. ముడి సరిగ్గా పడి ఉండదు. క్షమించండి."

"అయ్యో, పెద్దవారు, అంత మాట అనకండి. ఇకమీదట మాత్రం ఎవరికీ కుట్టివ్వకండి." కోడలు తెచ్చిన నీళ్ళు తాగి ఆవిడ వెళ్ళిపోయింది.

కబురు మా వీధికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి, "మా సంచీ ఏమైనా మిగిలి ఉందాండీ? ఇంట్లో తుడుచుకోవడానికి గుడ్డల్లేవు," అని మొహమాటంగా నవ్వుతూ తమవి తాము పట్టుకుపోయారు. నన్ను చూసి జాలిపడేవాళ్ళు జాలిపడ్డారు. గది ఖాళీ అవుతున్నకొద్దీ నాకు లోలోపల సంతోషంగానే ఉంది. అబద్ధం నాకు ఇంత మేలు చేస్తుందనుకోలేదు. ఆకుపచ్చ దుప్పటి తీసి పరిచాను.

మా అబ్బాయి వచ్చి చూశాడు. "ఏంటమ్మా ఇది?"

"పుట్టబోయే బిడ్డకి."

"వద్దమ్మా. ఈసారి కొందాం."

"జాగ్రత్తగా కుడతాను రా."

"అదీ జాగ్రత్తగానే కదా కుట్టావు? కళ్ళు బాగాలేవని నీ నోటితో నువ్వే అన్నావు. నిన్ను తప్పు పట్టడంలేదు. వద్దంటున్నానంతే."

సూదుల డబ్బా తీసి అలమర పైన, మనవరాలికి అందకూడనివి పెట్టే చోట పెట్టాడు. నేను చెప్పిన మాటే నా మీద సాక్ష్యమైంది. దాన్ని కొట్టివేయాలంటే కోడల్ని పట్టివ్వాలి. ఆమె భోజనాల బల్ల దగ్గర తుడిచిన కంచాన్నే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది.

మా వాడు అంతటితో ఊరుకునే మనిషి కాడు. కళ్ళద్దాల దుకాణానికి తీసుకువెళ్ళాడు. గోడ మీది పలకలో చివరి వరుస దాకా ప్రతి అక్షరమూ నాకు స్పష్టంగా కనిపించింది. కనిపించిందంటే మొన్నటి మాట అబద్ధమవుతుంది. అందుకని పై వరుసల నుంచే తడబడుతూ తప్పులు చదివాను. అద్దాల మీద అద్దాలు మార్చి చివరికి సీసా అడుగుల్లాంటివి అంటగట్టారు. అవి పెట్టుకుంటే దూరం దగ్గరవుతుంది, దగ్గర అలుక్కుపోతుంది. తీసేయబోతే మనవరాలు కాపలా.

"నానమ్మా, కళ్ళజోడు! నాన్నకి చెప్తా!"

"చెప్పవే తల్లీ, నువ్వొక్కదానివే తక్కువయ్యావు."

ఒక మధ్యాహ్నం కోడలు నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. చేతిలో సూదుల డబ్బా ఉంది.

"ఈ కడుపుతో కుర్చీ ఎక్కావా? బుద్ధుందా నీకు?"

"మీరు తిట్టండి అత్తయ్యా. ఇన్నాళ్ళూ మీరు ఒక్క మాటైనా అనకపోవడమే నాకు ఊపిరాడనివ్వడంలేదు." మంచం అంచున కూలబడింది. "మీ చెయ్యి బాగాలేదని, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం దేనికని కొన్నాను. మీ పేరు చెప్పకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని చెప్పాను. ఆయనతో అనేద్దామని రోజూ అనుకుంటాను. ఆయన మరుక్షణం నన్ను ఆవిడ ముందు నిలబెడతారు. ఇప్పుడు ఆ ఉద్యోగం పోతే..."

"సరేలే. ఏడవకు."

"ఆకుపచ్చది మీరు కుట్టండి. నేను కుట్టానని చెప్తాను."

నాకు నవ్వాగలేదు. "నువ్వా! గుండీ ఊడితే చొక్కానే మానేసేదానివి."

"నేర్చుకున్నానంటాను."

అలా కుదిరింది. మా అబ్బాయికి స్కూటరు ఉంది, దానికి మోత ఉంది. ఆ మోత వినబడేదాకా బొంత నా ఒడిలో, వినబడ్డాక ఆమె ఒడిలో. కోడలు సూదిని కలం పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చునేది. ఒకసారి మా అబ్బాయి ఆ కుట్ల మీద వేలు రాసి చూసి, "ఎంత బాగా వస్తోందో! అమ్మ కూడా ఒకప్పుడు ఇలాగే కుట్టేది," అన్నాడు. నేను పత్రికను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కనిపించని అక్షరాలను చదువుతూ కూర్చున్నాను. నా బొంత నా కళ్ళెదుటే మరొకరిదైపోతోంది. ఆ ఏర్పాటుకు ఒప్పుకున్నది కూడా నేనే.

బొంత పూర్తికావచ్చింది. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవరాలు నా పక్కనే బొమ్మలు గీసుకుంటోంది. బొంత సంగతి గుట్టుగా ఉంచుతుంది గాని కళ్ళజోడు దగ్గర మాత్రం ఊరుకోదు, అందువల్ల అద్దాలు పెట్టుకునే కుట్టాను. చివరి అంచు మీద ఉండగా, ఏ మోతా లేకుండా తలుపు తెరుచుకుంది. స్కూటరు చెడిపోయి మా అబ్బాయి నడిచి వచ్చాడు.

నేను బొంతను గబుక్కున ఎత్తి కోడలి వైపు తోశాను. అది వెళ్ళలేదు. కోడలు లాగింది. బొంతతో పాటు నేను ఇంట్లో వేసుకునే గౌను మోకాళ్ళ దాకా లేచింది. అలుక్కుపోయిన చూపుతో మూడు పొరలతో పాటు నాలుగో పొరగా నా గౌనును కూడా కుట్టేశాను.

"నానమ్మ బొంతకి అతుక్కుపోయింది!" అని మనవరాలు చప్పట్లు కొట్టింది.

మా అబ్బాయి నవ్వలేదు. నా గౌనునూ, నా వేళ్ళ మధ్య సూదినీ, బొంత అంచు పట్టుకుని ఉన్న భార్యనూ వరుసగా చూశాడు.

"ఎవరు కుడుతున్నారిది?"

నేనేదో అనబోయాను. కోడలు ముందే అంది: "అత్తయ్య. ఇది అత్తయ్యది. ఆ రోజు మేనేజరమ్మ తెచ్చినదే అత్తయ్యది కాదు. అది నేను బజారులో కొన్నాను."

వాడు మంచం మీద కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు. "మరి నీ కళ్ళు?"

"బాగానే ఉన్నాయి నాన్నా. ఈ అద్దాలు పెట్టుకుంటే తప్ప."

"రేపు పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్తాం. ఇద్దరం. ఉన్నదున్నట్టు చెప్తాం. ఊరంతా అమ్మని..." అన్నాడు వాడు. కోడలు తల వంచుకునే "సరే" అంది.

"ఎవరూ వెళ్ళనక్కర్లేదు," అన్నాను. "ఆ దుకాణానికి వెళ్ళు. అలాంటి ముడులతో ఇంకెన్ని అమ్ముతున్నారో, ముందు వాటిని తీయించు. అది నిజంగా చేయవలసిన పని. నా పేరు జోలికి మాత్రం పోకు."

"అదేంటమ్మా! చెయ్యని తప్పు మోస్తావా?"

"నా హస్తవాసి చెడిందని అందరూ అనుకుంటున్నారు కదా, అనుకోనీ. అది తిరిగి బాగుపడిందంటే వాళ్ళంతా మళ్ళీ ఈ గుమ్మంలో ఉంటారు. ఈ చెడ్డపేరు పోగొట్టావంటే నీ బిడ్డ బొంత లేకుండానే ఇంటికొస్తుంది."

వాడు ఒప్పుకోలేదు. ఒప్పుకోననీ అనలేదు. కోడలు కత్తెర అందించబోయింది. కత్తెర పని కాదని చెప్పి, అద్దాలు తీసి పక్కన పెట్టి, సూది మొనతో ఒక్కొక్క కుట్టే పైకి తీయడం మొదలుపెట్టాను. గుడ్డ బిగువుగా ఉంటే గాని కుట్టు లేవదు. ఎవరూ చెప్పకుండానే వాడు వంగి గౌను అంచు పట్టుకున్నాడు.

"ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పలేనమ్మా," అన్నాడు.

"అడగరు," అన్నాను. "కొంచెం బిగించి పట్టుకో."